మామిడి షెడ్డులో కచేరీ

గంగాధరానికి సంగీతం రాదు. రాదంటే పాడలేకపోవడం ఒక్కటే కాదు, ఎవరైనా పాడుతుంటే అది బాగుందో లేదో కూడా అతనికి తెలిసేది కాదు. చిన్నప్పుడు తండ్రి సోమయాజులు గారు అన్నదమ్ములిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని సరళీస్వరాలు మొదలుపెట్టారు. పెద్దవాడు సూర్యనారాయణ ఇట్టే జంటస్వరాల్లోకి వెళ్ళిపోయాడు. గంగాధరం 'స' దగ్గరే ఆగిపోయాడు. తండ్రి ఒక 'స' పలికితే ఇతను ఇంకొకటి పలికేవాడు. రెండూ ఒకటి కావన్న సంగతి ఎంత చెప్పినా అతనికి బోధపడలేదు. చివరికి సోమయాజులు గారు విసుక్కోకుండానే, "నువ్వు లేచి దొడ్లో మొక్కలకి నీళ్ళు పొయ్యి నాన్నా," అన్నారు. ఆ పూట లేచినవాడు మళ్ళీ ఆ చాప మీద కూర్చోలేదు.

అలాంటి మనిషి వెలగలగూడెంలో ఉగాదికి మొదలై శ్రీరామనవమితో ముగిసే సంగీత ఉత్సవాల్ని ఇంచుమించు దశాబ్దం పాటు నడిపాడు.

నూజివీడు నుంచి మైలవరం వైపు వెళ్ళే బస్సు దిగి, తోటల మధ్య మట్టిరోడ్డున కాసేపు నడిస్తే ఆ ఊరు వస్తుంది. ఉత్సవాలు పెట్టింది సోమయాజులు గారే. ఆయన ఊరి బళ్ళో పంతులు. వీధి చివర తాటాకు పందిరి వేయించి, సీతారాముల పటం పెట్టి, తను పాడుతూ, తెలిసినవాళ్ళని పిలిపించి పాడిస్తూ మొదలుపెట్టారు. తరవాత పెద్దకొడుకు గొంతుకి చుట్టుపక్కల పేరొచ్చింది. సూర్యనారాయణ విజయవాడలో సంగీతం మాస్టారుగా స్థిరపడ్డాడు. రేడియోలో పాడేవాడు. ఏటా నవమికి వస్తూ వయొలిన్, మృదంగం వాళ్ళని వెంటపెట్టుకొచ్చేవాడు.

గంగాధరం తండ్రి పనిచేసిన బళ్ళోనే టీచరయ్యాడు. ఉత్సవాల్లో అతనికి వేరే పనులుండేవి. బస్సు దగ్గరికి వెళ్ళి విద్వాంసుల్ని తీసుకురావాలి. మైకు సెట్టు మాట్లాడాలి. స్నానానికి వేడినీళ్ళు ఎవరికి కావాలో, రాత్రి అన్నం మానేసి ఉప్మా తినేదెవరో గుర్తుపెట్టుకోవాలి. కచేరీ మొదలయ్యాక అతను స్టేజీ వైపు చూసేవాడు కాదు. పందిరి గుంజకి ఆనుకుని జనం వైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరు తల ఊపుతున్నారు, ఎవరు ఆవలిస్తున్నారు, చెప్పుల కోసం ఎవరు వెతుక్కుంటున్నారు, అదే అతనికి కచేరీ.

భార్య సౌభాగ్యలక్ష్మి ఒకసారి అడిగింది. "అలా వెనక్కి తిరిగి కూర్చుంటారేంటండీ? అందరూ నవ్వుకుంటున్నారు."

"అటు చూస్తే నాకేం తెలుస్తుంది? ఇటు చూస్తేనే బాగుందో లేదో తెలిసేది," అన్నాడు.

1979లో సోమయాజులు గారు పోయారు. పెద్దకర్మ అయిన సాయంత్రం ఊళ్ళో నలుగురూ అరుగు మీద కూర్చుని ఉత్సవాల మాట ఎత్తారు. సూర్యనారాయణ నడిపితే బాగుంటుందన్నారు. అతను విజయవాడలో ఉంటాడు కాబట్టి కుదరదన్నాడు. "పాట సంగతి నేను చూసుకుంటాను. మిగతాదంతా గంగాధరం ఎలాగూ చేస్తున్నాడుగా," అన్నాడు. అలా గంగాధరం సెక్రటరీ అయ్యాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అడిగినా కాదనేవాడు కాదు.

మొదటి ఏడు అంతా మామూలుగానే జరిగింది. పందిరి కింద ముందు చాపలు పెద్దరైతులకి, ఉద్యోగస్తులకి, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకి. పందిరి అంచున ఒక తాడు కట్టేవారు. తోటల్లో కూలికెళ్ళే పేట జనం ఆ తాడుకి అవతల నిలబడో చతికిలబడో వినేవారు. ఆ తాడు కట్టమని మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. ఏటా కట్టేది మాత్రం గంగాధరమే.

రెండో ఏడు, 1981లో, నవమి నాటి మధ్యాహ్నం గాలివాన వచ్చింది. మామిడికాయ సగం ఎదిగి ఉన్న రోజులు. గాలి ఒక్క విసురుకి పందిరిని లేపి పక్కనున్న తోటలో పడేసింది. తోటల్లో కాయలు చాపలు పరిచినట్టు రాలిపోయాయి. ఊళ్ళో పెద్ద మామిడి వ్యాపారి బసవపున్నారావు తలపట్టుకుని కూర్చుని, కాసేపటికి లేచి, దొరికిన కూలీలందర్నీ పిలిపించి రాలిన కాయ ఏరించడం మొదలుపెట్టాడు. పచ్చళ్ళకైనా పోతుందని ఆశ.

సూర్యనారాయణ, పక్కవాయిద్యాల వాళ్ళు గంగాధరం ఇంట్లో తడిసిన సంచులతో కూర్చుని ఉన్నారు. గంగాధరం గొడుగేసుకుని బసవపున్నారావు దగ్గరికి వెళ్ళాడు. కాయని పెట్టెల్లో సర్ది లారీలకెత్తే రేకుల షెడ్డు అతనిది. ఊరి మొత్తానికి వాన కురవని చోటు అంత పెద్దది ఇంకోటి లేదు.

"షెడ్డు కావాలా? తీసుకోండి మాస్టారూ. నా కాయెలాగూ పోయింది, మీ పాటన్నా జరగనివ్వండి," అన్నాడు బసవపున్నారావు. "కానీ ఆడాళ్ళు లోపల కాయలు ఏరుతున్నారు. వాళ్ళని లేవమనను. పొద్దుటికల్లా బండికెత్తాలి."

గంగాధరం సరేనన్నాడు. పెట్టెలు బోర్లించి స్టేజీ కట్టారు. కరెంటు లేదు, పెట్రొమాక్సు లైట్లు పెట్టారు. ఊరి పెద్దలు గొడుగులతో వచ్చేసరికి షెడ్డులో అప్పటికే కాయల రాశుల చుట్టూ పేట ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అది వాళ్ళు పనిచేసుకునే చోటు. అక్కడ ఎవరినీ అవతలికి జరగమనడానికి వీల్లేదు. తాడు కట్టడానికి గుంజలూ లేవు. పైగా రేకుల మీద వాన చప్పుడుకి దూరంగా కూర్చుంటే ఏమీ వినపడలేదు. వినాలనుకున్నవాళ్ళంతా దగ్గరికి జరిగారు. జరిగి జరిగి ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూసుకోలేదు. సూర్యనారాయణ గొంతెత్తి పాడాడు. పాడి పాడి మర్నాటికి గొంతు బొంగురుపోయిందని వెళ్ళేటప్పుడు విసుక్కున్నాడు.

ఆ వేసవిలోనే, కాయ కోత ముమ్మరంగా ఉన్నప్పుడు, అచ్చమ్మ గంగాధరం ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి. తోటల్లో ఆడకూలీల ముఠాకి ఆమె పెద్ద. మోసేటప్పుడూ ఏరేటప్పుడూ పాట ఆమెదే, మిగతావాళ్ళు అందుకునేవారు.

"మాస్టారండీ, వచ్చే ఏడు ఉత్సవాల్లో మా ఆడాళ్ళం కూడా పాడతామండి. ఒక పూట మాకిస్తారా?" అంది వాకిట్లో నిలబడి.

గంగాధరం ఆలోచించాడు. "ఏం పాడతారు?"

"మాకొచ్చినవేనండి. సీతమ్మ అడివికెళ్ళినప్పటివి ఉన్నాయి. మామూలు పాటలూ ఉన్నాయి. మొన్న గాలివాన రోజు అయ్యగారు పాడినప్పుడు మావాళ్ళు అనుకున్నారండి, మన షెడ్డులోనే పాడారు గదా, మనం మాత్రం ఎందుకు పాడగూడదని."

గంగాధరం లోపలికి వెళ్ళి భార్యని అడిగాడు. "వీళ్ళు ఎలా పాడతారు?"

సౌభాగ్యలక్ష్మికి సంగీతం తెలుసు. పుట్టింట్లో కొంత నేర్చుకుంది. "తోట మీదుగా వెళ్ళినప్పుడల్లా వింటూనే ఉన్నానుగా. బాగా పాడతారు. అచ్చమ్మ గొంతుకి మైకు అక్కర్లేదు," అంది.

బయటికొచ్చి, "ఇస్తాను," అన్నాడు. "నవమి సాయంత్రం మీది."

నవమి సాయంత్రమే ఎందుకిచ్చాడని తరవాత చాలామంది అడిగారు. దానికి అతను చెప్పిన కారణం ఒక్కటే. నవమి రోజు తోటపని ఉండదు, వాళ్ళకి తీరిక. ఆ సాయంత్రం మొదట్నుంచీ అన్నగారిదన్న సంగతి అతనికి తట్టలేదని కాదు. మిగతా ఎనిమిది సాయంత్రాల్లో అన్నయ్య ఏది కావాలంటే అది తీసుకుంటాడనుకున్నాడు.

మరుసటి ఏడు ఉగాదికి కాస్త ముందు సూర్యనారాయణ వచ్చాడు. అప్పటికి నూజివీడు ప్రెస్సులో కరపత్రాలు అచ్చయి వచ్చాయి. ఒకటి తీసుకుని చదివాడు. తన పేరు అష్టమి సాయంత్రం కింద, అచ్చమ్మ బృందం పేరు నవమి సాయంత్రం కింద ఉన్నాయి.

"ఇదేంట్రా?"

"అడిగారన్నయ్యా. ఇచ్చాను."

"అడిగితే ఇచ్చేస్తావా? తోటలో పాడుకునేవాళ్ళని తోటలో పాడుకోనీ. నేను కాదన్నానా? కచేరీ పక్కన తెచ్చి పెడతావేంటి? రెంటికీ తేడా లేదా?"

"ఉండే ఉంటుంది. నాకు తెలీదు. నాకు రెండూ ఒకలాగే వినపడతాయి," అన్నాడు గంగాధరం. ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాటే చెప్పాడు. కానీ సూర్యనారాయణకి అది చెంపదెబ్బలా తగిలింది. నలభై ఏళ్ళ తన సాధన, తన పేరు, అన్నీ తమ్ముడు ఒక్క ముక్కలో తీసిపారేశాడనుకున్నాడు.

"నాన్న నీకు మొక్కలకి నీళ్ళు పొయ్యమని సరిగ్గానే చెప్పార్రా. నీకు శ్రుతి తెలీదు, లయ తెలీదు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో నువ్వు తేలుస్తావా? నా పేరు తీసెయ్!" అని సంచి భుజానికేసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

గంగాధరం గోధుమపిండితో జిగురు కాయమని భార్యకి చెప్పి, తెల్లకాగితం సన్నగా కత్తిరించి, ఒక్కొక్క కరపత్రం మీదా అన్నగారి పేరు కనపడకుండా అంటించడం మొదలుపెట్టాడు.

"కోపంలో ఏదో అన్నారండీ. అంత మాత్రానికి నిజంగా తీసేస్తారా?" అంది సౌభాగ్యలక్ష్మి.

"కోపంలో అన్నా ఆయనే కదా అన్నది. పేరు ఆయనది. తీసెయ్యమనే హక్కు ఆయనకి ఉంది," అని పని ఆపలేదు. ఆమె కూడా కూర్చుని అంటించింది.

సూర్యనారాయణ రానప్పుడు వయొలిన్ రాదు, మృదంగం రాదు, వాళ్ళని చూసి వచ్చే మిగతా విద్వాంసులూ రారు. మూడు నాలుగు సాయంత్రాలు ఖాళీ పడ్డాయి. గంగాధరం సైకిలేసుకుని తిరిగాడు. మైలవరం దగ్గర ఒక బుర్రకథ దళాన్ని మాట్లాడాడు. చింతలపూడి వైపు నుంచి చెక్కభజన వాళ్ళని ఒప్పించాడు. హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే పరదేశి అనే అతన్ని పట్టుకుని, "ఒక సాయంత్రం నువ్వొక్కడివే వాయిస్తావా?" అని అడిగాడు.

పరదేశి నమ్మలేదు. "నేనొక్కణ్ణేనాండీ? ఊరేగింపు లేకుండానా?"

"ఊరేగింపు లేదు. అందరూ కూర్చుని వింటారు."

"కూర్చుని నా వాయిద్యం ఎవరూ వినలేదండి ఇంతవరకూ," అన్నాడు పరదేశి. వస్తానన్నాడు, వచ్చాడు. వచ్చి ఇస్త్రీ చొక్కా తడిసేలా చెమటలు పట్టి, మొదటి కీర్తన మధ్యలో ఆపేసి, మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నాడు. రెండోసారి ఆగలేదు.

బసవపున్నారావు ఒప్పుకోవడంతో ఆ ఏడు నుంచి ఉత్సవాలు షెడ్డులోనే. ఊళ్ళో కొంతమంది రావడం మానేశారు. సోమయాజులు గారు పెట్టిన ఉత్సవాన్ని కొడుకు కాయల షెడ్డుకి దించాడన్నారు. గంగాధరం బడికి వెళ్ళే దారిలో వినపడేలాగే అన్నారు. అతను ఆగకుండా బడికి వెళ్ళిపోయేవాడు. ఇంటికొచ్చి అన్నం తక్కువ తిన్న రోజులు మాత్రం కొన్ని ఉన్నాయని సౌభాగ్యలక్ష్మి చెప్పేది.

నవమి సాయంత్రం అచ్చమ్మ బృందం స్టేజీ ఎక్కింది. ఉతికిన చీరలు కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చి, మైకు ముందు ఏం చెయ్యాలో తెలియక గుంపుగా నిలబడిపోయారు. అచ్చమ్మ మైకుని పక్కకి జరిపేసి, కింద చాప పరిపించి, అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టింది. "కాయ ఏరేటప్పుడు కూర్చున్నట్టు కూర్చోండే," అంది. అప్పుడు పాట కదిలింది. గంగాధరం ఎప్పట్లాగే జనం వైపు తిరిగి కూర్చున్నాడు. సీత అడవిలో బిడ్డని కని, చుట్టూ చూస్తే మంత్రసాని లేని ఘట్టం దగ్గర పెద్దరైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకోవడం చూశాడు. బాగుందన్నమాట అనుకున్నాడు.

అన్నదమ్ములకి మాటలు లేవు. పండగలకి రాకపోకలు ఆగిపోయాయి. రేడియోలో సూర్యనారాయణ కచేరీ ఉందని తెలిసిన రోజు మాత్రం గంగాధరం పని ఏదున్నా పక్కనపెట్టి రేడియో దగ్గర కూర్చునేవాడు. వింటూ భార్య ముఖం చూస్తూ ఉండేవాడు.

"ఎలా పాడాడు?"

"బాగా పాడారు. ఈసారి గొంతు కాస్త అలిసినట్టుంది," అనేది ఆమె. అతను తల ఊపి రేడియో కట్టేసేవాడు.

ఏడాదికేడాది ఉత్సవాలకి జనం పెరిగారు. పరదేశి వెంట ఇంకో ఇద్దరు బ్యాండువాళ్ళు వచ్చారు. ఒకసారి ఊరి కుర్రకారు వచ్చి, ఒక సాయంత్రం తమకివ్వమని, నూజివీడు నుంచి వీడియో తెచ్చి సినిమా వేస్తామని అడిగారు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చే మాస్టారు కాదనడని వాళ్ళ ధీమా.

"స్టేజీ మీదికి మీలో ఎవరు ఎక్కుతారు?" అని అడిగాడు గంగాధరం.

"మేమెక్కేదేముందండీ? టీవీ పెడతాం."

"టీవీ మన ఊరిది కాదుగా. మీలో ఎవరైనా ఎక్కితే ఇస్తాను."

వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. నెల తిరక్కుండా ఒక నాటకం పట్టుకొచ్చారు. అందులో డైలాగులు సగం మరిచిపోయారు, అయినా జనం పగలబడి నవ్వారు. గంగాధరం దాన్నీ బాగుందనే లెక్కేసుకున్నాడు.

1986లో సూర్యనారాయణకి షష్టిపూర్తి. తమ్ముడికి పిలుపు రాలేదు. విజయవాడ నుంచి వచ్చిన బంధువుల వల్ల ఆ సంగతి తెలిసింది.

"పిలవని పేరంటానికి వెళ్తారా?" అంది సౌభాగ్యలక్ష్మి.

"నన్ను పిలిచేదేంటి? నేను చేయించాల్సిన వాణ్ణి," అని ఒక గంపెడు కాయ తీసుకుని మొదటి బస్సెక్కాడు. అక్కడికి వెళ్ళి, ఎవరినీ పలకరించకుండా నడుముకి తువ్వాలు బిగించి వడ్డనలోకి దిగాడు. పంక్తిలో అన్నగారి ముందుకొచ్చినప్పుడు, "పప్పు?" అన్నాడు. సూర్యనారాయణ తలెత్తి చూశాడు. "వెయ్యి," అన్నాడు. నాలుగేళ్ళలో వాళ్ళ మధ్య నడిచిన మాటలు అవే. భోజనాలయ్యాక గంగాధరం ఆకులెత్తించి, చేతులు కడుక్కుని సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేశాడు.

మరుసటి ఏడు అష్టమి మధ్యాహ్నం, ముందు కబురేమీ లేకుండా, సూర్యనారాయణ ఒక్కడే శ్రుతిపెట్టె పట్టుకుని ఊళ్ళో దిగాడు. గంగాధరం ఎదురెళ్ళి చేతిలో పెట్టె అందుకున్నాడు. ఇద్దరూ ఎండ గురించీ, బస్సులో రద్దీ గురించీ మాట్లాడుకుంటూ ఇంటికొచ్చారు. భోజనం దగ్గర సూర్యనారాయణ అసలు సంగతి ఎత్తాడు.

"రేపు పాడదామనుకుంటున్నాను."

"పాడన్నయ్యా. ఎన్నింటికి?"

"ఎప్పుడూ పాడే వేళకే. సాయంత్రం."

గంగాధరం చెయ్యి విస్తట్లో ఆగింది. "నవమి సాయంత్రం అచ్చమ్మావాళ్ళది. వాళ్ళకి మాటిచ్చేశాను. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ ఉంది."

నెయ్యి వెయ్యడానికి వంగిన సౌభాగ్యలక్ష్మి అలాగే ఉండిపోయింది. సూర్యనారాయణ ముఖం ఎర్రబడింది. లేచిపోతాడనుకుంది ఆమె. అతను లేవలేదు.

"మూడింటికి ఆ రేకుల కింద ఎవరుంటార్రా?"

"ఉన్నవాళ్ళుంటారు."

సూర్యనారాయణ మిగతా అన్నం తిని, వెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. వంటింట్లో సౌభాగ్యలక్ష్మి గొంతు తగ్గించి గట్టిగానే అంది. "బావగారు అంత దూరం నుంచి, అన్నీ మరిచిపోయి, తనంతట తను వచ్చారు. అచ్చమ్మని ఒక్క మాట అడగండి. సంతోషంగా ఇస్తుంది."

"ఇస్తుంది. అడిగితే కాదనలేదు. అందుకే అడగను," అన్నాడు గంగాధరం.

ఊళ్ళో మాట దాగదు. పొద్దు వాలకముందే అచ్చమ్మ వచ్చింది. ఈసారి వాకిట్లో ఆగకుండా అరుగు దాకా వచ్చి, "మాస్టారండీ, సాయంత్రం పెద్దయ్యగారికిచ్చెయ్యండి. మేం మూడింటికి పాడుకుంటాం. మాకేం, ఎండ అలవాటే," అంది.

"వద్దచ్చమ్మా."

"ఆయన మీ అన్నగారండీ!"

"అన్నయ్యే. వచ్చే ఏడు ముందే అడిగితే ఆయనకి ఏ పూట కావాలంటే ఆ పూట ఇస్తాను."

అచ్చమ్మకి కోపం వచ్చింది. "మీతో పడలేమండీ," అనేసి వెళ్ళిపోయింది. లోపల మంచం మీద సూర్యనారాయణ నిద్రపోవడం లేదు. ఈ మాటలన్నీ విన్నాడు.

ఆ ఏడు తొలి కోత ముందే మొదలైంది. బసవపున్నారావుకి నవమి నాడు కూడా ఒక లారీ లోడు పంపాల్సి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి షెడ్డులో ఒక పక్క చెక్కపెట్టెల్లో గడ్డి వేసి కాయ సర్దుతున్నారు, మూతలకి మేకులు కొడుతున్నారు. బయట లారీ ఆగి ఉంది. ఇంకో పక్క స్టేజీ మీద సూర్యనారాయణ కూర్చున్నాడు. వయొలిన్ లేదు, మృదంగం లేదు. సౌభాగ్యలక్ష్మి పక్కన కూర్చుని శ్రుతిపెట్టె పట్టుకుంది. ఎదురుగా చాపల మీద పది మందికి మించి లేరు. అందులో ఇద్దరు కునుకుతున్నారు. పైన రేకులు కాలిపోతున్నాయి.

సూర్యనారాయణ మొదలుపెట్టాడు. మొదటిది సుత్తి దెబ్బల్లో కొట్టుకుపోయింది. రెండోదానికి అతను కళ్ళు మూసుకున్నాడు. పై స్థాయికి వెళ్ళినప్పుడు గొంతు పట్టుకుంది. పూర్వంలా దాన్ని దాటించడానికి పెనుగులాడలేదు, కిందికి దిగొచ్చి అక్కడే నెమ్మదిగా పాడుకున్నాడు. ఆ పాట ఎవరికోసమో పాడుతున్నట్టు లేదని, తండ్రి ఎదుట చాప మీద కూర్చుని అప్పజెబుతున్నట్టుందని సౌభాగ్యలక్ష్మి తరవాత చెప్పింది.

గంగాధరం గోడకి ఆనుకుని పెట్టెల వైపు చూస్తున్నాడు. ముందు ఒక సుత్తి ఆగింది. మేకు మీద పెట్టిన సుత్తి అలాగే ఉంచి ఒకతను స్టేజీ వైపు తిరిగాడు. తరవాత ఇంకొకతను. కాయ సర్దుతున్న ఆడవాళ్ళ చేతులు గడ్డిలో ఆగాయి. ఆలస్యమవుతోందని కేకలెయ్యడానికి లోపలికొచ్చిన బసవపున్నారావు గుమ్మంలో నిలబడి, చెప్పులు విడిచి, అక్కడే గోడవారన కూర్చుండిపోయాడు. లారీ డ్రైవరు బీడీ పారేసి వచ్చాడు. అచ్చమ్మ ఒక పెట్టె మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ముందురోజు కోపం ఆమె ముఖంలో లేదు.

కచేరీ అయ్యాక అన్నదమ్ములు బయట నీడలో నిలబడ్డారు. సూర్యనారాయణ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఎలా ఉందిరా?" అన్నాడు.

"నన్నడుగుతావేంటన్నయ్యా? నాకేం తెలుసు? మేకులు కొట్టడం ఆగిపోయింది. లారీ ఇంకా కదల్లేదు."

సూర్యనారాయణ తమ్ముడి ముఖంలోకి కాసేపు చూసి పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రం అచ్చమ్మ బృందం పాడుతుంటే చివరిదాకా కూర్చుని విన్నాడు. ఒకచోట, "ఆ మలుపు ఎవరు నేర్పారమ్మా నీకు?" అని పాట మధ్యలోనే అడిగేశాడు. "మా అత్తండి," అంది అచ్చమ్మ, పాట ఆగనంత వేగంగా.

అప్పట్నుంచి అతను ఏటా వచ్చాడు. వచ్చేముందు ఏ పూట ఖాళీ ఉందో తమ్ముణ్ణి అడిగేవాడు. గంగాధరం చెప్పిన పూట తీసుకునేవాడు. అష్టమి సాయంత్రాలు ఎక్కువగా అతనివే అయ్యాయి.

1988 చివర్లో బసవపున్నారావు తోటలు కొడుకులకి పంచేశాడు. షెడ్డు వచ్చిన కొడుకు దాన్ని పడగొట్టి ఇల్లు కట్టుకుంటానన్నాడు. ఉత్సవాలు ఎక్కడ పెట్టాలన్నది తేల్చడానికి బడి వరండాలో అందరూ కూర్చున్నారు. ఒకరు పాత చోటే పందిరి వేద్దామన్నారు. అక్కడ ఇప్పుడు ఇళ్ళు లేచాయి, పట్టదన్నారు ఇంకొకరు. ఈ ఏటికి మానేస్తే ఏమన్న మాట కూడా వచ్చింది.

అచ్చమ్మ లేచి, "మా పేటలో పెట్టుకుందామండి. ఖాళీ జాగా ఉంది," అంది.

వరండాలో ఎవరో దగ్గారు.

"నీళ్ళ వసతుందా?" అని అడిగాడు గంగాధరం.

"బోరింగుందండి."

"మైకు వైరు లాగడానికి కరెంటు స్తంభం దగ్గరేనా?"

"ఎదురుగానేనండి."

"అయితే సరే," అని అతను తరవాతి విషయంలోకి వెళ్ళిపోయాడు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళారు. మిగతావాళ్ళు కూర్చున్నారు.

1989 ఉగాది నాడు పేటలో పందిరి లేచింది. ఊరి నుంచి మొదటి సాయంత్రం చాలా తక్కువమంది వచ్చారు. వచ్చినవాళ్ళ కోసం పేటవాళ్ళు ఇళ్ళలోంచి నులక మంచాలు తెచ్చి వేశారు. కూర్చోవాలా వద్దా అని కాసేపు నిలబడి, కాళ్ళు నొప్పెట్టి కూర్చున్నారు. మూడో రోజుకి మంచాలు చాలక చాపలు పరిచారు.

ఆ ఏడు ఉత్సవాలకి గంగాధరం కన్నా అచ్చమ్మే ఎక్కువ తిరిగింది. బుర్రకథ వాళ్ళని మాట్లాడిందీ, పరదేశికి కబురంపిందీ ఆమే. ఎవరికి ఏ పూట అన్నది ఇద్దరూ కలిసి తేల్చారు. వచ్చే ఏటి నుంచి ఆమే చూసుకుంటుందని, తను బస్సు దగ్గరికి వెళ్ళిరావడం వరకు చేస్తానని గంగాధరం అందరికీ చెప్పేశాడు.

అష్టమి సాయంత్రం సూర్యనారాయణ బస్సు దిగి, తమ్ముడి వెంట నేరుగా పేటకే వచ్చాడు. ఆ వీధిలోకి అతను రావడం అదే మొదలు. అచ్చమ్మ ఇంటి ముందు మంచం మీద కూర్చోబెట్టారు. పాడేముందు గొంతులోకి వేడిగా ఏదైనా పడాలి.

"కాస్త కాఫీ ఉంటుందా అచ్చమ్మా?" అన్నాడు.

"కాఫీ పొడి లేదండి. టీ పెడతాను, తాగుతారా?" అంది అచ్చమ్మ. అని, తాగడేమోనని తమ్ముడి వైపు చూసింది. గంగాధరం మైకు వైరు సర్దుతున్నాడు.

"పెట్టు. చక్కెర కాస్త ఎక్కువెయ్యి," అన్నాడు సూర్యనారాయణ.

ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. అతను టీ ఊదుకుంటూ తాగి, గ్లాసు మంచం కింద పెట్టి, కండువా సర్దుకుని స్టేజీ ఎక్కాడు.